ఒకే రాతిపిండి

మా అక్క నా దగ్గరికి వస్తానని ఫోన్ చేసినప్పుడు నేను ల్యాబులో రాళ్ళు ఉడకబెడుతున్నాను. చమత్కారానికి అంటున్న మాట కాదు, నా ఉద్యోగమే అది. రాతిని మెత్తగా పొడి చేసి, మందుబిళ్ళంత ప్లాటినం గుళికలో కూరి, రెండు చివర్లూ వెల్డింగ్ చేసి మూసేస్తాను. దాన్ని గదిలో సగం ఆక్రమించిన పెద్ద ప్రెస్సులో పెట్టి, నొక్కుతూ, కాలుస్తూ, ఒకటి రెండు రోజులు అలాగే ఉంచుతాను. భూమి లోపల ఎంత ఒత్తిడి ఉంటుందో, ఎంత వేడి ఉంటుందో, ఆ బుల్లి గుళికకి అంతా చూపిస్తాను. తర్వాత బయటికి తీసి, కోసి, నున్నగా సానబెట్టి, లోపల రాయి ఏమైందో మైక్రోస్కోపులో చూస్తాను. ఈ పని ఎందుకని అడిగితే చెప్పడానికి నా దగ్గర రెండు జవాబులున్నాయి. డబ్బులిచ్చే ఆఫీసుకి చెప్పేది చాలా పెద్దది. ఇంట్లోవాళ్ళకి చెప్పేది చిన్నది. భూమి, శుక్రుడు, అంగారకుడు, బుధుడు, నాలుగూ రాతి గ్రహాలే, నాలుగూ ఒకే దుమ్ములోంచి పుట్టాయి, మరి నాలుగూ నాలుగు దార్లు ఎందుకు పట్టాయో తెలుసుకోవడానికి అని.

ఇంట్లోవాళ్ళు అన్నాను గానీ మా ఇంట్లో వాళ్ళంటూ ఎవరూ లేరు, నేనొక్కదాన్నే. మూడో అంతస్తులో రెండు గదులు. ఒక ప్లేటు, ఒక గ్లాసు, రెండు గరిటెలు. రెండో గరిటె ఎందుకు కొన్నానో నాకే తెలీదు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఒక వయసు దాకా అందరూ నా ప్రాణం తీశారు, ఆ తర్వాత ఎవరో చెప్పినట్టు అందరూ ఒక్కసారే అడగడం మానేశారు. అడగడం మానేస్తే హాయిగా ఉంటుందనుకున్నాను. ఏమీ హాయిగా లేదు.

అక్క సంగతి వేరు. అక్క ఇంట్లోనే బట్టలు కుట్టేది. కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు కొలతలిచ్చి వెళ్ళిపోరు కదా, కూర్చుని కష్టసుఖాలు కూడా కొలిచి ఇచ్చేవాళ్ళు. పిల్లలు లేకపోయినా ఆ ఇంట్లో ఎప్పుడూ నలుగురు మనుషులుండేవాళ్ళు. బావ పోయాక కూడా వాళ్ళు వచ్చారు, కానీ సాయంత్రానికి ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయేవాళ్ళు. ఇప్పుడు ఇంటి ఓనరు ఖాళీ చెయ్యమన్నాడట. "ఎక్కడుండాలో తేల్చుకునేదాకా నీ దగ్గరుంటానే, నీకేం ఇబ్బంది లేదుగా" అంది ఫోన్లో. "రా" అన్నాను. ఫోన్ పెట్టేశాక బజారుకి వెళ్ళి దిండు, దుప్పటి, ఇంకో ప్లేటు కొన్నాను. షాపువాడు ఒక్క ప్లేటు అమ్మనన్నాడు, ఆరు కొనమన్నాడు. కొన్నాను.

వచ్చిన రోజున అక్క గుమ్మంలో నిలబడి ఇల్లంతా ఒకసారి కలియజూసింది.

"ఇది ఇల్లా, మందుల షాపా? డబ్బాల మీద చీటీలేమిటే? ఉప్పు చూస్తే ఉప్పని తెలీదా నీకు?"

"పంచదారకీ దానికీ తేడా తెలియాలిగా."

"నాలిక లేదూ?" అంది చెప్పులు విడుస్తూ. "పైగా ఈ నిశ్శబ్దం ఒకటి. చెవుల్లో దూది పెట్టుకున్నట్టుంది. ఎలా ఉంటున్నావే తల్లీ ఇక్కడ?"

ఎలా ఉంటున్నానో చెప్పుంటే ఆ రోజే కథ వేరేలా ఉండేది. "అలవాటైపోయింది" అన్నాను.

వారం తిరక్కుండా మా బిల్డింగులో నాకు ఇన్నేళ్ళలో తెలియని సంగతులన్నీ అక్కకి తెలిసిపోయాయి. కింద ఫ్లోర్ నర్సుకి మోకాళ్ళ నొప్పులని, ఎదురింటి రిటైర్డ్ డ్రైవరు గురకకి భార్య వేరే గదిలో పడుకుంటుందని, నన్ను అందరూ వెనకాల "రాళ్ళావిడ" అంటారని. ఆ చివరి ముక్క చెప్పి అక్క పడీపడీ నవ్వింది. నేను మూతి ముడుచుకున్నాను. అక్క వంటింట్లో గిన్నెలు కడుగుతూ కూనిరాగం తీస్తుంటే పక్కగదిలో పుస్తకం తెరిచి పెట్టుకుని, ఒక్క పేజీ కూడా తిప్పకుండా వినేదాన్ని. సాయంత్రం ల్యాబు నుంచి వస్తూ వీధి మొదట్లోంచే మా కిటికీ వైపు చూసేదాన్ని. లైటు వెలుగుతుండేది. మనం వెయ్యకుండా మన ఇంట్లో లైటు వెలగడం ఎంత గొప్ప విషయమో ఇంటినిండా జనం ఉన్నవాళ్ళకి తెలీదు.

అక్క ఉండిపోతే బాగుండునని నాకు మొదటి వారంలోనే అనిపించింది. అనిపించడం చిన్నమాట. రోజూ పొద్దున్న లేవగానే అక్క పెట్టె మూల ఉన్నచోటే ఉందో లేదో చూసుకునేదాన్ని. కానీ అడగలేదు. దానికి రెండు కారణాలు. ఒకటి మా అక్క స్వభావం. ఎవరేం అడిగినా కాదనలేని మొహమాటం మనిషి. పండగబట్టలు కుట్టలేనని తెలిసి కూడా ఒప్పుకుని, తెల్లవార్లూ మేలుకుని కళ్ళు పాడుచేసుకున్న రకం. ఉండమంటే ఉంటుంది, లోపల ఇష్టం లేకపోయినా ఉంటుంది. అలాంటి ఉండడం నాకొద్దు.

రెండో కారణం నా పని. మా దగ్గర ఒక నియమం ఉంది. ఒకసారి గుళికని ప్రెస్సులో పెట్టాక చెయ్యి పెట్టకూడదు. వేడి ఇంకాస్త పెంచుదామా, ఇంకాసేపు ఉంచుదామా అని మనసు పీకుతూనే ఉంటుంది. పెంచామంటే మనకి కావలసిన జవాబే వస్తుంది, కానీ అది రాయి చెప్పిన జవాబు కాదు, మనం చెప్పించిన జవాబు. నా కింద పనిచేసినవాళ్ళకి నేను మొదటిరోజు చెప్పేది ఇదే. రాయి తన పాటికి తాను ఏమవుతుందో చూడండి, మీ ఇష్టాయిష్టాలు గది బయట చెప్పుల దగ్గర వదిలి రండి అంటాను. ఈ నియమాన్ని తీసుకొచ్చి మా అక్క మీద పెట్టాను. బతిమాలకుండా, తొందరపెట్టకుండా, మొహంలో కూడా ఏమీ కనబడనియ్యకుండా ఉంటే, అక్క తనంతట తాను ఏం కోరుకుంటుందో అదే బయటపడుతుందని నా లెక్క. ఆ లెక్క నాకు చాలా నిజాయితీగా కనిపించింది. కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఒక సాయంత్రం భోజనాలయ్యాక అక్క నా పని గురించి అడిగింది. అడగక అడగక అడిగింది కదా అని చెప్పాను.

"అన్నీ రాళ్ళే అంటావు, ఒకే దుమ్ము అంటావు. మరి ఒకటి ఇలా, ఒకటి అలా ఎందుకైంది?"

"ఒక్క కారణం కాదు. అంగారకుణ్ణి తీసుకో, చిన్నది. చిన్న గిన్నెలో పాలు తొందరగా చల్లారిపోతాయా లేదా? అలాగే దాని లోపలి వేడి తొందరగా పోయింది. లోపల మరుగుతున్న ఇనుము కదలడం ఆగింది. ఆ కదలిక వల్ల గ్రహం చుట్టూ అయస్కాంతపు కాపలా ఒకటి ఉంటుంది, అదీ పోయింది. సూర్యుడి నుంచి వచ్చే కణాల ధాటికి పైనున్న గాలి కొంచెం కొంచెంగా ఎగిరిపోయింది. ఇప్పుడక్కడ చల్లటి ఎడారి."

అక్క నన్ను ఎగాదిగా చూసింది. "చిన్నప్పుడే చల్లారిపోయి, చుట్టూ ఉన్న గాలిని కూడా పోగొట్టుకుందన్నమాట. నాకెవరో గుర్తొస్తున్నారే."

రాళ్ళకీ మనుషులకీ పోలిక తెచ్చేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. రాయికి మనసు లేదు, దాని గొప్పతనమే అది. ఆ మాటే అన్నాను. అక్క చెవిన వేసుకోలేదు.

"సరే, శుక్రుడి సంగతి చెప్పు."

"అది దాదాపు మన భూమి అంతే ఉంటుంది, కవలపిల్లలంటారు. కాకపోతే సూర్యుడికి కాస్త దగ్గర. మొదట్లో నీళ్ళున్నా అవి ఆవిరైపోయి ఉంటాయి. ఆ ఆవిరి దుప్పటి కప్పినట్టు కప్పి, ఇంకా వేడెక్కించి, చివరికి తనూ పోయింది. ఇప్పుడక్కడ గాలి ఎంత చిక్కగా ఉంటుందంటే ఆ బరువుకి మనిషి నలిగిపోతాడు, ఆ వేడికి సీసం కరిగిపోతుంది."

"అది నేను. గాలాడనివ్వనని మీ బావ అనేవాడు." బావ మాట వచ్చేసరికి కొంగు సర్దుకుని, మళ్ళీ అందుకుంది. "నాలుగోది?"

"బుధుడు. అది మరీ విచిత్రం. లోపలి ఇనుమే ఎక్కువ, పైనున్న రాతి తొక్క చాలా పల్చన. ఎప్పుడో ఏదో పెద్దది వచ్చి ఢీకొంటే పైభాగం ఊడిపోయిందని కొందరంటారు. ఇంకా తేలలేదు."

"ఏముంది తేలడానికి, అది మా తోటికోడలు. మీదున్న మంచితనమంతా ఊడిపోయి ఇనపముద్ద మిగిలింది."

తోటికోడలంటే బావ తమ్ముడి భార్య. అక్కకీ ఆవిడకీ పెళ్ళయిన దగ్గర్నుంచీ ఉప్పూ నిప్పూ. ఎప్పుడో ఒక అత్తవారింటి ఫంక్షన్లో నలుగురిలో ఆవిడ అన్న మాట ఒకటుంది, దాన్ని అక్క నిన్న జరిగినట్టు చెబుతుంది. ఆవిడ భర్త కూడా పోయాడు. ఇద్దరూ ఒంటరివాళ్ళయ్యాక ఫోన్లు మాట్లాడుకుంటున్నారని నాకు తెలుసు గానీ, ఫోన్ పెట్టగానే అక్క ఆవిణ్ణి తిట్టే తిట్లు వినడం వల్ల నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

"ఇంతకీ భూమి ఒక్కటీ ఎందుకు బాగుపడింది?" అంది అక్క.

"సైజు, దూరం, నీళ్ళు, ఇంకా మనకి తెలియనివి ఎన్నో. రాతిలో చిటికెడు నీళ్ళున్నా రాయి తీరే మారిపోతుంది. మెత్తబడుతుంది, తక్కువ వేడికే కరుగుతుంది, భూమి పైపెంకు పలకలు పలకలుగా కదలడానికి కూడా అదే సాయమని అనుకుంటున్నాం. ఇప్పుడు నేను చూస్తున్నది అదే. బొత్తిగా పొడిగా ఉన్న రాయి ఎంత వేడి దాకా కరగకుండా తట్టుకుంటుందో."

"అమ్మ ఎప్పుడూ అనేది గుర్తుందా? ఇద్దరూ ఒక్క కడుపునే పుట్టారు, ఒకరి పోలిక ఇంకొకరికి లేదు, ఎక్కడొచ్చిందో తేడా అని. నువ్వు అమ్మ ప్రశ్నకే జవాబు వెతుకుతున్నావు, కాకపోతే జీతం తీసుకుని వెతుకుతున్నావు."

నాకు నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాను. నవ్వు ఆగాక గది ఒక్కసారి ఖాళీగా అనిపించింది. అప్పుడే అడిగి ఉండొచ్చు. లేచి మంచినీళ్ళ సీసా నింపుకుని పడుకోవడానికి వెళ్ళిపోయాను.

వానలు పట్టుకున్నాయి. అక్కకి ఇంట్లో తోచక ఒక మధ్యాహ్నం ల్యాబుకి వచ్చింది. నా క్యారేజీ, ఒక ఫ్లాస్కు నిండా టీ, తడిసిన గొడుగు. మా ప్రెస్సు మెకానిక్కుని అందరూ నూనె బాబాయి అంటారు, ఆయన ఎక్కడికెళ్ళినా మిషను నూనె వాసన ముందు వెళుతుంది. నా దగ్గరికి ఒక మనిషి రావడం చూసి ఆయన స్పానర్ కింద పెట్టి మరీ వచ్చాడు.

"మేడంగారికి అక్కగారున్నారా? మాతో ఎప్పుడూ అన్లేదే."

"నాతో కూడా అనదండీ, గుర్తుపట్టిందంటే అదే పదివేలు" అంది అక్క.

అప్పటికి నేను ఒక గుళిక నింపి మూసేసి, రెండోది మొదలుపెట్టబోతున్నాను. ఒకేసారి రెండు గుళికలు పక్కపక్కన పెట్టి కాలుస్తాం. ఒకే పిండి, ఒకే వేడి, ఒకే ఒత్తిడి. రెండూ ఒకేలా వస్తే మా పని సరిగా ఉన్నట్టు. పిండిని ముందు రోజే ఓవెన్లో బాగా ఆరబెట్టి, చిన్న సీసాలో పోసి, ఆ సీసాని తడి పీల్చే గింజలు వేసిన గాజు జాడీలో దాచుకుంటాను. నింపేటప్పుడు మాత్రమే సీసా బయటికి తీస్తాను, నింపిన వెంటనే మూత పెడతాను. ఆ గదిలో తినకూడదు, తాగకూడదు అని గోడ మీద బోర్డు కూడా ఉంది. రాసింది నేనే.

ఆ రోజు ఆ బోర్డు కిందే కూర్చుని ఇద్దరం టీ తాగాం. అక్క ఏవో చెబుతూ పోయింది. చిన్నప్పుడు నేను గులకరాళ్ళు జేబుల్లో వేసుకుని స్కూలుకి వెళితే గౌను జేబులు చిరిగిపోయేవని, వాటిని కుట్టీకుట్టీ తనకి కుట్టుపని వచ్చేసిందని, అంటే తన ఉద్యోగానికీ నా ఉద్యోగానికీ కారణం ఆ రాళ్ళేనని. నాకు ఆ గౌను గుర్తులేదు. జేబులు కుట్టింది అమ్మే అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. బయట వాన, లోపల టీ ఆవిరి, అక్క గొంతు. ఆ గదిలో అంతసేపు ఊరికే కూర్చోవడం ఉద్యోగంలో చేరాక అదే మొదటిసారి. అక్క వెళ్ళాక రెండో గుళిక నింపి, వెల్డింగ్ చేసి, రెంటినీ ప్రెస్సులోకి ఎక్కించాను.

ఆ తర్వాత రోజుల్లో అక్క కొన్ని ప్రశ్నలు అడిగింది. ఇప్పుడు ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటుంటే నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

"ఈ కిటికీ పక్కన నా కుట్టుమిషను పడుతుందంటావా?" అని అడిగింది, గోడకి ఆనుకుని నిలబడి.

పట్టకపోతే బీరువా తీసి వీధిలో పెట్టేస్తాను అనాలని నోటి చివరిదాకా వచ్చింది. అలా అంటే అక్కని తోసినట్టవుతుంది. "కొలుచుకుని చూడు" అన్నాను. అక్క దగ్గర టేపు ఎప్పుడూ ఉంటుంది, మెడలోనే ఉంటుంది. కొలవలేదు.

ఇంకో రోజు కూర వడ్డిస్తూ, "నేనుంటే నీ పనికేం అడ్డంగా లేదు కదా?" అంది.

"అడ్డమేముంది" అన్నాను.

"కింద నర్సు తనకి, తన అక్కచెల్లెళ్ళకి బట్టలు కుట్టిపెట్టమంది. ఒప్పుకోమంటావా? ఒప్పుకుంటే రెండు మూడు నెలలు పడుతుంది."

"నీ ఇష్టం అక్కా. నీకెలా బాగుంటే అలా."

అక్క గరిటె గిన్నెలో పెట్టి, నా మొహంలోకి కాసేపు చూసింది. నా మొహంలో ఏమీ కనబడలేదు, ఎందుకంటే కనబడకుండా నేను చాలా శ్రమపడుతున్నాను. ఆ తర్వాత అక్క కూనిరాగాలు తగ్గాయి. సాయంత్రాలు బాల్కనీలో నిలబడి తోటికోడలితో ఫోన్ మాట్లాడేది. ఫోన్ పెట్టాక తిట్టడం కూడా మానేసింది. నేను అన్నీ చూస్తూనే ఉన్నాను. చూడటం నాకు బాగా వచ్చిన పని.

ప్రెస్సు ఆపాక కోసే మిషను దగ్గర నా వంతు రావడానికి రెండు వారాలు పట్టింది. గుళికల్ని కోసి, సానబెట్టి, మైక్రోస్కోపు కింద పెట్టిన ఉదయం వాన లేదు. మొదటి గుళిక అనుకున్నట్టే వచ్చింది. గింజలు గింజలుగా ఉన్నాయి, ఎక్కడా కరగలేదు, పొడి రాయి ఆ వేడికి కరగదు కూడా. రెండోది పెట్టాను. గింజల మధ్య సన్నటి సందుల్లో గాజు మెరుస్తోంది. గాజు ఉందంటే అక్కడ రాయి కరిగిందని అర్థం. ఒకే పిండి, ఒకే వేడి, ఒకటి అలాగే ఉండిపోయింది, ఒకటి కరిగింది.

నూనె బాబాయి నా భుజం మీంచి తొంగి చూసి, "మా ప్రెస్సు తప్పు మాత్రం కాదు, ముందే చెప్తున్నాను" అన్నాడు.

"కాదులే బాబాయ్" అన్నాను.

ప్రెస్సు తప్పు కాదని నాకు అప్పటికే తెలిసిపోయింది. టీ తాగుతున్నంతసేపూ సీసా మూత తీసే ఉంది. వానాకాలంలో ఉప్పుడబ్బా మూత తీసి పెడితే ఏమవుతుందో అదే అయింది. మెత్తటి పిండి గాల్లో తేమని పీల్చుకుంది. ఎంత పీల్చుకుని ఉంటుంది? కంటికి కనబడనంత. దానికే రాయి కరిగింది. ఇన్నేళ్ళలో నేను ఈ తప్పు ఒక్కసారి కూడా చెయ్యలేదు. నా జాగ్రత్త వల్ల చెయ్యలేదని అనుకునేదాన్ని. కాదు, పక్కన కూర్చుని మాట్లాడే మనిషి లేకపోవడం వల్ల చెయ్యలేదు. ఆ ఆలోచన రాగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నూనె బాబాయి మర్యాదగా స్పానర్ వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

చాలాసేపు ఆ మొదటి గుళికనే చూస్తూ కూర్చున్నాను. ప్రెస్సులో అది రెండు రోజులే ఉంది. రెండేళ్ళున్నా ఆ వేడికి కరిగేది కాదు. నేను దాని మీద చెయ్యి పెట్టలేదు, నిజమే. కానీ అంతకుముందు దాన్ని ఓవెన్లో పెట్టి చివరి చుక్క దాకా ఆరబెట్టింది ఎవరు? పొడిగా ఉండటం ఆ రాయి స్వభావమేం కాదు, నేను దానికి చేసిన పని అది. కొలుచుకుని చూడు, అడ్డమేముంది, నీ ఇష్టం. ఇవన్నీ నేను ఏమీ అనకుండా ఊరుకున్న మాటలని అనుకున్నాను. ఊరుకోవడం కాదది. రోజుకో మాట చొప్పున అక్కని ఓవెన్లో పెడుతూ వచ్చాను.

రాళ్ళకీ మనుషులకీ పోలిక తెచ్చేవాళ్ళంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మంటే. అయినా ఆ ఉదయం మైక్రోస్కోపు లైటు కూడా ఆర్పకుండా, సంచీ తీసుకుని, ఇంటికి పరుగులాంటి నడక నడిచాను. దారంతా ఒకటే మాట నోట్లో తిప్పుకుంటూ వెళ్ళాను. ఉండిపో అక్కా. రెండే రెండు ముక్కలు. జీవితంలో ఎవర్నీ ఎప్పుడూ అడిగిన మాట కాదు, అందుకే నాలుక తిరగదేమోనని భయం.

తలుపు తీసేసరికి అక్క మంచం మీద పెట్టె తెరిచి పెట్టుకుని బట్టలు మడత పెడుతోంది.

"ఇంత తొందరగా వచ్చావేం? ఒంట్లో బాగాలేదా?" అంది.

"ఉండిపో అక్కా."

మడత పెడుతున్న చేతులు ఆగాయి. "ఏమన్నావు?"

"ఇక్కడే ఉండిపో. మిషను కిటికీ దగ్గర పడుతుంది. పట్టకపోతే నా టేబులు తీసేద్దాం. నర్సువాళ్ళ బట్టలు ఒప్పుకో, ఊళ్ళో అందరివీ ఒప్పుకో. నువ్వు వచ్చాక సాయంత్రం ఇంటికి రావాలనిపిస్తోంది నాకు. ఇంతకుముందు అనిపించేది కాదు. వెళ్ళకు."

ఒక్క గుక్కలో అనేశాను. అక్క చేతిలో బట్ట అలాగే పట్టుకుని మంచం మీద కూర్చుండిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియనట్టు పెట్టింది మొహం.

"ఈ మాట నిన్న అన్నా సరిపోయేదే" అంది చివరికి. "పొద్దున్నే మాటిచ్చేశాను."

"ఎవరికి?"

"ఎవరికేంటి, మా తోటికోడలికి. ముందుగది ఖాళీ చేసి, గోడలకి రంగు కూడా వేయించిందట నాకోసం. ఇందాకే ఫోన్ చేసి ఏడ్చింది. ఒక్కదాన్నే ఉండలేకపోతున్నాను, వచ్చెయ్యి, వచ్చి తిట్టినా సరే అంది."

"ఆవిడంటే నీకు పడదు కదా అక్కా."

"పడదు. ఇప్పటికీ పడదు. వెళ్ళిన వారానికే ఇద్దరం జుట్లు పట్టుకుంటాం, చూస్తూ ఉండు." అక్క బట్టని మోకాలి మీద పెట్టుకుని మడతలు నిమిరింది. "కానీ అది అడిగిందే."

నేను అక్క పక్కన కూర్చున్నాను. "మాట వెనక్కి తీసుకో. చెల్లెలు ఏడుస్తోందని చెప్పు."

"ఒక మనిషి గోడలకి రంగు వేయించుకుని కూర్చుంటే ఎలా చెప్పను? నా సంగతి నీకు తెలియనిదా?"

"తెలుసు. తెలుసు కాబట్టే అడగలేదు. అడిగితే మొహమాటానికి ఉండిపోతావని భయపడ్డాను. నీ మనసులో ఏముందో నువ్వే చెప్పాలని చూశాను."

అక్క నా వైపు తిరిగింది. కోపం లేదు ఆ చూపులో. చిన్నప్పుడు నా చిరిగిన జేబుల్ని చూసి ఇలాగే చూసేదేమో.

"పిచ్చిమొహమా" అంది. "మొహమాటానికైనా ఉండేదాన్ని కదే."

మర్నాడు రైలెక్కించాను. అక్క కిటికీ పక్కన కూర్చుని, అప్పుడే ఎదుటి సీటు ఆవిడతో మాటలు కలిపేసింది. మధ్యమధ్యలో నా వైపు తిరిగి, వేళకి తినమని, నర్సుని పలకరిస్తూ ఉండమని, ఈసారి తను ఫోన్ చేసేదాకా చూడకుండా నన్నే చెయ్యమని చెప్పింది. చేస్తానన్నాను. రైలు వెళ్ళిపోయాక కూడా ప్లాట్‌ఫారం మీద చాలాసేపు నిలబడ్డాను. తొందరగా ఇంటికి వెళ్ళి చెయ్యాల్సిన పనేమీ లేదు.

నేనేమీ అడగకుండా ఉంటే అక్క మనసులో నిజంగా ఏముందో అదే బయటికొస్తుందనుకున్నాను. వచ్చింది. నేను అడగాలని ఉంది అక్క మనసులో.